లేపాక్షి నంది రెండు ఫోటోల్లో రెండు రకాలుగా వచ్చింది: తేడా లెన్స్‌దా, నిలబడిన చోటుదా?

హిందూపురం కుర్రాడు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ రోజు తెల్లారకముందే లేచి లేపాక్షి వెళ్లాను. మా ఊరికి పక్కనే, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కెమెరా పట్టుకుని వెళ్లడం మాత్రం ఇదే మొదలు. ఎండ రాకముందే నందిని తియ్యాలని ఆశ.

ముందు నా 24-70 జూమ్ లెన్స్‌ని 24 మి.మీ. దగ్గర (ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ కొసలో) పెట్టి, నంది మొహానికి ఓ మూడు మీటర్ల దూరంలో నిలబడి తీశాను. తర్వాత స్నేహితుడి 70-200 లెన్స్ (దూరంవాటిని పెద్దగా చూపే టెలీ) అడిగి తీసుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, సుమారు 25 మీటర్ల నుంచి 200 దగ్గర ఇంకొకటి తీశాను. రెండింటిలోనూ మొహం ఒకే సైజులో ఉండేలా చూసుకున్నాను.

ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి రెండూ ఒకే నంది అంటే ఎవరూ నమ్మరు. మొదటి దాంట్లో మూతి, రొమ్ము ముందుకు తోసుకొచ్చాయి. మూపురం ఎక్కడో వెనక చిన్నగా ఉంది. వీపు ఉందో లేదో అన్నట్టుంది. రెండో దాంట్లో మెడ, మూపురం, వెనక భాగం అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వచ్చాయి. 27 అడుగుల పొడవున్న రాయి పదడుగులే ఉన్నట్టు కనిపిస్తోంది.

నాకు తెలిసిన నంది ఈ రెండింటిలోనూ లేదు. నా 24లో ఏదైనా లోపం ఉందా? 85 మి.మీ. లెన్స్ కొంటే సరిపోతుందా? దయచేసి చెప్పండి, మళ్లీ ఆదివారం వెళ్తాను.

---

తెనాలి కల్యాణం · ఆదివారం, రాత్రి 10:05

లెన్స్‌లో లోపం ఏమీ లేదు తమ్ముడూ. వైడ్ సాగదీస్తుంది, టెలీ అణిచేస్తుంది. పెళ్లిళ్ల ఫీల్డ్‌లో 18 ఏళ్ల నుంచి ఉన్నాను, ఇది మాకు రోజూ కనిపించేదే. 85 ఎఫ్ 1.8 తీసుకో, కళ్లు మూసుకుని తీసుకో.

---

పాత రీలు · ఆదివారం, రాత్రి 10:31

కల్యాణం గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ సాగదీసింది లెన్స్ కాదు. కుర్రాడు మూడు మీటర్ల దగ్గర నిలబడ్డాడు, అందుకని మూతి పెద్దదైంది. 25 మీటర్ల దూరం వెళ్లాడు, అందుకని అన్నీ దగ్గరయ్యాయి. ఆ దూరం మారినందుకే లెన్స్ మార్చాల్సి వచ్చింది. నేరం కాళ్లది, శిక్ష లెన్స్‌కి.

బాబూ, నా మాట నమ్మొద్దు. నువ్వే తేల్చుకో. ఒకే చోట నిలబడు, కదలకు. 24తో ఒకటి, 200తో ఒకటి తియ్యి. 24తో తీసినదాన్ని 200లో ఎంత కనిపిస్తుందో అంతకే కత్తిరించి పక్కన పెట్టి చూడు. నేను రీలు రోజుల్లో డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) తల పైకెత్తి ఇదే చేశాను. నెగెటివ్ మధ్యలో గోరంత ముక్కని పెద్దది చేస్తే రేణువులు బియ్యపు గింజల్లా వచ్చాయి కానీ, బొమ్మ మాత్రం టెలీ బొమ్మే.

---

తెనాలి కల్యాణం · ఆదివారం, రాత్రి 10:44

అదెలా సార్? యూట్యూబ్‌లో ప్రతి ఒక్కరూ లెన్స్ కంప్రెషన్, అంటే లెన్సే లోతుని అణిచేస్తుంది అనే అంటారు కదా. ఒకే అమ్మాయిని 24తో, 135తో తీసి చూపిస్తారు, మొహమే మారిపోతుంది.

---

పాత రీలు · ఆదివారం, రాత్రి 10:52

ఆ వీడియోలో లెన్స్ మార్చిన ప్రతిసారీ తీసేవాడు ఎన్ని అడుగులు వెనక్కి వేశాడో చూడండి. మొహం ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉండాలని వెనక్కి జరుగుతాడు. మారినవి రెండు, పేరు మాత్రం ఒకదానికే పెడుతున్నారు.

---

హిందూపురం కుర్రాడు · సోమవారం, సాయంత్రం 6:20

చేశాను! లేపాక్షి దాకా వెళ్లడానికి వీలు పడలేదు, మా మిద్దె మీదే చేశాను. ఇంట్లో ఒకే సైజు స్టీలు బిందెలు మూడు ఉంటే వాటిని వరసగా, మీటరు మీటరు ఎడంగా పెట్టాను. ఒకదాన్ని ఇంకొకటి పూర్తిగా కప్పెయ్యకుండా కొంచెం పక్కకి జరిపాను.

మొదటి బిందెకి ఒక మీటరు దూరంలో 24తో తీస్తే మూడో బిందె మొదటిదాంట్లో మూడో వంతే ఉంది. చెంబులా కనిపించింది. 8 మీటర్ల దూరం వెళ్లి 200తో తీస్తే మూడో బిందె దాదాపు మొదటిదంత ఉంది. ఇంతవరకు నాకు తెలిసిందే.

తర్వాత అక్కడే, ట్రైపాడ్ కదపకుండా, 24 పెట్టి తీశాను. మూడు బిందెలూ ఫ్రేమ్ మధ్యలో నిమ్మకాయల్లా ఉన్నాయి. కత్తిరించాను. 6000 పిక్సెళ్ల వెడల్పులో మిగిలింది 720. మసకగా, గరుకుగా ఉంది. దాన్ని 200 ఫోటో మీద లేయర్‌గా వేసి పారదర్శకత సగం చేస్తే, మూడు బిందెల అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రెండో బిందె మూతి మొదటి బిందె మెడకి తగిలే చోటు కూడా అదే!

రెండుసార్లు చేశాను, పొరపాటేమో అని. పాత రీలు సారూ, మీకు దండం.

---

లెక్కల మాస్టారు · సోమవారం, రాత్రి 8:15

ఇంత శ్రద్ధగా చేసి చూపించావు, చాలా సంతోషం. లెక్క కూడా చెబుతాను, ఏడో తరగతి నిష్పత్తులు చాలు.

ఒక వస్తువు సెన్సర్ మీద ఎంత పెద్దగా పడుతుందంటే: దాని ఎత్తుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఉండే 24, 200 లాంటి మి.మీ. అంకె) గుణించి, దూరంతో భాగించాలి. ఇప్పుడు ఒకే ఎత్తున్న రెండు వస్తువుల్ని పోల్చు. రెండింటికీ ఫోకల్ లెంగ్త్ ఒకటే కాబట్టి అది పైనా కిందా కొట్టేసుకుపోతుంది. మిగిలేది దూరాలే. నీ బిందెలు చూడు. మొదటిసారి దూరాలు 1, 3 మీటర్లు, కాబట్టి మూడో వంతు. రెండోసారి 8, 10 మీటర్లు, అంటే 80 శాతం. ఈ 80లో లెన్స్ ఎక్కడా లేదు.

ఇదే నందికి వేద్దాం. 27 అడుగులంటే 8 మీటర్ల పైచిలుకు. మొహానికి మూడు మీటర్లలో నిలబడితే తోక వైపు 11 మీటర్లు. వెనక భాగంతో పోలిస్తే మొహం మూడున్నర రెట్ల కంటే ఎక్కువ పెద్దదిగా పడుతుంది. 25 మీటర్ల నుంచైతే 25కి 33, అంటే 1.3 రెట్లు మాత్రమే. రాయి ఒకటే, చెక్కిన చెయ్యి ఒకటే. నువ్వు నడిచిన 22 మీటర్లే ఈ తేడా మొత్తం.

మొహాలకీ ఇదే లెక్క. ముక్కు కొన నుంచి చెవి దాకా 12 సెంటీమీటర్లు అనుకుందాం. సెల్ఫీ దూరం 30 సెంటీమీటర్లు. ముక్కు 30లో, చెవి 42లో. 1.4 రెట్లు! అదే మీటరున్నర దూరం నుంచి 1.08. అమెరికాలో 2018లో కొందరు వైద్యులు ఈ సెల్ఫీ దూరాన్నే లెక్కకట్టి, మీటరున్నర నుంచి తీసినదానికంటే 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫోటోలో మగవాళ్ల ముక్కు 30 శాతం, ఆడవాళ్ల ముక్కు 29 శాతం వెడల్పుగా కనిపిస్తుందని రాశారు. సెల్ఫీ చూసుకుని ముక్కు ఆపరేషన్‌కి వచ్చేవాళ్ల కోసం చేసిన పని అది. మా బడిలో పిల్లలకి ఈ లెక్క ప్రతి ఏడూ చెబుతాను. అద్దంలో చూసుకోండి, ఫోన్‌లో కాదు అని.

---

ఫోకస్ పుల్లర్ · సోమవారం, రాత్రి 11:48

ఇప్పుడే షూటింగ్ నుంచి వచ్చాను. ఈ చర్చ చూసి ప్రాణం లేచొచ్చింది. మా దగ్గర ఇది కళ్లముందు జరుగుతుంది. ట్రాక్ వేసి, ట్రాలీ మీద కెమెరాని ఆర్టిస్టు వైపు తోస్తూ అదే సమయానికి జూమ్ వైడ్‌కి తెస్తారు. ఆర్టిస్టు ఫ్రేమ్‌లో అంతే సైజులో ఉంటాడు, వెనకున్న ప్రపంచం మాత్రం దూరంగా జారిపోతుంది. 6 మీటర్ల దగ్గర 75తో మొదలై 2 మీటర్ల దగ్గర 25కి వచ్చామనుకోండి. ఆర్టిస్టుకి పది మీటర్ల వెనకున్న గోడ సగం కంటే చిన్నదైపోతుంది. 1958లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా వర్టిగోలో గంట గోపురం మెట్ల షాట్‌తో ఇది ప్రసిద్ధి. మెట్ల నమూనా కట్టి, దాన్ని పక్కకి పడుకోబెట్టి తీశారు.

నేను చెప్పదలచింది ఇంకొకటి. ట్రాలీ ఆపి జూమ్ ఒక్కటే తిప్పితే వెనక గోడ, ఆర్టిస్టు రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. బొమ్మలో లోతు మారదు. ట్రాలీ కదిలితేనే లోతు కదులుతుంది. అందుకే మంచి కెమెరామెన్ బ్లాక్ లెన్స్ (జూమ్ లేనిది) పెట్టాక క్లోజప్ కావాలంటే లెన్స్ మార్చమని వెంటనే చెప్పరు. ముందు కెమెరాని ఎక్కడ పెట్టాలో నడిచి చూసుకుంటారు. వ్యూఫైండర్ మెడలో వేసుకుని గదంతా తిరుగుతారు. ఆ చోటు కుదిరాకే ‘40 పెట్టు’, ‘75 పెట్టు’ అంటారు.

---

తెనాలి కల్యాణం · మంగళవారం, ఉదయం 7:10

సరే, బిందెల సాక్ష్యం ముందు నేను మాట్లాడేది లేదు. రాత్రి మా ఆవిడ్ని నిలబెట్టి నేనూ చేసి చూశాను. ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక్కటి మిగిలింది. స్టేజి మీద గ్రూప్ ఫోటో తీస్తాం. హాల్లో వెనక్కి వెళ్లడానికి చోటుండదు, 24 పెడతాం. మధ్యలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు చక్కగా వస్తారు. చివర నిలబడ్డ మేనమామలు, పిన్నులు అడ్డంగా సాగిపోతారు. వాళ్లూ నాకు మధ్యలోవాళ్లంత దూరంలోనే ఉన్నారు కదా. మరి ఇది లెన్స్ పని కాదా? ఆల్బమ్ ఇచ్చాక ఒక పెద్దావిడ ‘నన్నింత లావుగా తీశావేమిటి నాయనా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

---

లెక్కల మాస్టారు · మంగళవారం, సాయంత్రం 5:30

చాలా మంచి ప్రశ్న. మీరు చూసింది నిజం. ఇది దూరం పని కాదు, కోణం పని.

కెమెరా సెన్సర్ చదునుగా ఉంటుంది. అంచుల వైపు కాంతి ఏటవాలుగా వచ్చి పడుతుంది. సాయంత్రం ఎండలో బంతి నీడ నేల మీద గుండ్రంగా కాక కోలగా సాగుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. చదునైన గోడ, తలుపు, గోడకున్న క్యాలెండరు, ఇవి సెన్సర్‌కి సమాంతరంగా ఉంటే చెక్కుచెదరవు. గుండ్రంగా ఉన్నవే సాగుతాయి. మనిషి తల గుండ్రం.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ వెడల్పు 36 మి.మీ.) అడ్డంగా పట్టుకుంటే సరిగ్గా కుడి, ఎడమ అంచుల్లో తల ఎంత సాగుతుందో లెక్కేశాను. 16 మి.మీ. లెన్స్‌తో 50 శాతం. 24తో 25 శాతం. 35తో 12. 50తో 6, అది ఎవరి కంటికీ ఆనదు. ఇక్కడ ‘వైడ్ సాగదీస్తుంది’ అన్న మీ మాట అక్షరాలా నిజమే. కానీ 24కి పట్టే వెడల్పులో మధ్య సగం మాత్రమే వాడుకుంటే ఆ 24కి ఈ దోషం దాదాపు ఉండదు. అంటే ఇది లెన్స్ గుణం అనేకంటే ఫ్రేమ్ అంచు గుణం అనాలి.

అందరినీ అర్ధచంద్రాకారంలో మీ వైపు వంచి నిలబెట్టకండి. చూడ్డానికి బాగుంటుందనిపిస్తుంది కానీ చివరివాళ్లు ముందుకు జరగడంతో ఇంకా పెద్దగా పడతారు. నిటారు వరసే మేలు.

---

తెనాలి కల్యాణం · మంగళవారం, రాత్రి 9:02

ధన్యవాదాలు మాస్టారూ. ఇన్నేళ్లలో దీనికి కారణం చెప్పినవాళ్లు మీరే.

నేను ఈ మధ్య చేస్తున్నది రాస్తాను, ఫీల్డ్‌లో కొత్తగా వచ్చినవాళ్లకి పనికొస్తుంది. ఆరు మీటర్ల వెడల్పు గ్రూప్ అనుకోండి. 24తో నాలుగు మీటర్ల దూరం చాలు. 50తో ఎనిమిది మీటర్ల పైన కావాలి. స్టేజి మీద అంత చోటుండదు, కాబట్టి స్టేజి దిగాలి. దిగితే ముందు రెండు వరసల కుర్చీలు, వీడియో వాళ్ల క్రేన్ అడ్డం. అందుకే ముహూర్తానికి ముందే మేనేజరుతో మాట్లాడి మధ్యలో ఓ దారి ఖాళీగా ఉంచమంటాను. కిందికి దిగితే కెమెరా ఎత్తు తగ్గి, అందరి గడ్డాలు, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. అల్యూమినియం నిచ్చెన వెంట పెట్టుకుంటాను. కెమెరా మధ్యలోవాళ్ల ఛాతీ ఎత్తుకి రావాలి.

అంతా కుదరనప్పుడు 35 దగ్గర ఆగిపోతాను. చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ అటూ ఇటూ వదిలి తీసి, తర్వాత కత్తిరిస్తాను. ఆ చివర ఖాళీలో పూలకుండీ ఉంటే అది సాగినా ఎవరూ ఏడవరు.

---

కొత్త మిర్రర్‌లెస్ · బుధవారం, ఉదయం 10:15

నాది ఏపీఎస్-సీ బాడీ, అంటే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్. 50 పెడితే 75 లాగా పనిచేస్తుందంటారు. అప్పుడు మొహం 50 లాగా వస్తుందా, 75 లాగా వస్తుందా?

---

పాత రీలు · బుధవారం, ఉదయం 10:40

నువ్వు నిలబడ్డ దూరం లాగా వస్తుందమ్మా. రెండు కెమెరాలూ ఒకే చోట పెడితే మొహం ఒకటే. వెనక మసకలో మాత్రం తేడా ఉంటుంది, అది వేరే విషయం.

---

గుడి గోపురం · బుధవారం, మధ్యాహ్నం 2:25

నేను గుళ్ల శిల్పాల ఫోటోలు తీసి భద్రపరిచే పనిలో ఉన్నాను. ఈ చర్చలో నిలువు గీతల మాట ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

గోపురం దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. గోపురాలు ఎలాగూ పైకి సన్నబడతాయి కాబట్టి అక్కడ కొంత దాగుతుంది. చార్మినార్ దగ్గర అస్సలు దాగదు. 1591 నుంచి నిటారుగా నిలబడ్డ నాలుగు మినార్లూ ఫోటోలో ఒకదాని వైపు ఒకటి వాలిపోతాయి. కారణం ఒక్కటే, సెన్సర్ కట్టడానికి సమాంతరంగా లేదు. మినార్ల పైభాగం కింది భాగం కంటే దూరంగా ఉంది కాబట్టి చిన్నదైంది. మాస్టారి లెక్కే, నిలువుగా తిప్పి వేసుకోండి.

కెమెరాని నేలకి సమాంతరంగా పట్టుకుంటే గీతలు నిటారుగా ఉంటాయి. కానీ ఫ్రేమ్‌లో సగం రోడ్డు, పైన మినార్ల కొసలు కత్తిరించుకుపోతాయి. దీనికే షిఫ్ట్ లెన్స్ పుట్టింది. కెమెరా కదలకుండా లెన్స్ ఒక్కటే పైకి జరుగుతుంది. నికాన్ 35 మి.మీ. షిఫ్ట్ లెన్స్ 1960ల మొదట్లోనే వచ్చింది. అది కొనలేనివాళ్లకి ఇంకా వైడ్ లెన్స్‌తో సమాంతరంగా తీసి కింది సగం కోసెయ్యడం, లేదా ఎదురుగా ఉన్న మేడ ఎక్కడం. నేను మేడలే ఎక్కుతాను. ఇంటివాళ్లని అడిగితే చాలాసార్లు కాదనరు, మంచినీళ్లు కూడా ఇస్తారు.

సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తాం అంటారు. గీతలు సరవుతాయి. కానీ కింద నుంచి చూసినప్పుడు చూరు వెనక దాగిపోయిన శిల్పం సాఫ్ట్‌వేర్‌లో బయటికి రాదు. చూరు అడుగు భాగం కనిపిస్తూనే ఉంటుంది. నిలబడ్డ చోటు నుంచి ఏది కనిపించిందో ఫోటోలో అదే ఉంటుంది.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది రామప్ప గుడిలో. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. బయటి స్తంభాల మీద, చూరు కింద నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) ఉంటాయి. పైకప్పుకీ స్తంభానికీ మధ్య ఏటవాలుగా నిలబడి ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా కింద నిలబడి 24తో తీశాను. పాదాలు పెద్దవి, నడుము పొట్టి, మొహం గుప్పెడంత. ఎంత అందమైన శిల్పాన్ని ఎంత అన్యాయంగా తీశానో అనుకున్నాను. రెండోసారి 135 పెట్టుకుని, పచ్చిక మీదికి 12 మీటర్ల దాకా వెళ్లి తీశాను. అప్పుడు తెలిసింది, ఆ నడుము ఎంత పొడవో, తల ఎటు వంచి ఉందో. చెక్కినవాడు చూరు కింద దూరి చూసేవాళ్ల కోసం చెక్కలేదేమో, ప్రదక్షిణ చేస్తూ కొంచెం ఎడంగా నడిచేవాళ్ల కోసం చెక్కాడేమో అనిపించింది. అది నా ఊహే, కానీ ఆ ఊహ వచ్చినప్పటి నుంచి ఏ శిల్పం దగ్గరికి వెళ్లినా ముందు కెమెరా తియ్యను. దాని చుట్టూ నడుస్తాను.

---

ఉప్పల్ గ్యాలరీ · బుధవారం, సాయంత్రం 7:50

క్రికెట్ చూసేవాళ్లకి ఒక మాట. టీవీలో పిచ్ ఎప్పుడూ పొట్టిగా, బౌలర్, బ్యాటర్ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తారు. పిచ్ 22 గజాలు, అంటే 20 మీటర్లు. కెమెరా బౌలర్ వైపు వికెట్లకి 80 మీటర్ల వెనక ఉందనుకుంటే అవతలి వికెట్లు 100 మీటర్లలో ఉంటాయి. 80 శాతం. మన కుర్రాడి బిందెలే! అంపైర్ రెండు మీటర్ల వెనక నిలబడితే అతనికి 2, 22. పదకొండో వంతు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఎల్‌బీడబ్ల్యూ మీద అంపైర్‌ని తిట్టేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. మనం చూసే ఆట అతను చూడటం లేదు.

---

డల్లాస్ గోదావరి · గురువారం, ఉదయం 6:30

ఇది సరదా విషయం మాత్రమే కాదు, నమ్మకం విషయం కూడా. నేను ఇండియా నుంచి వచ్చే ముందు ఫోటోలు చూసి ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి మాట్లాడుకున్నాను. ఫోటోలో హాలు పెళ్లి చేసేంత ఉంది. దిగాక చూస్తే సోఫా వేస్తే నడవడానికి దారి లేదు. గది మూలలో గోడకి ఆనుకుని 16 లాంటి లెన్స్‌తో తీసి ఉంటారు. దగ్గరున్న నేల విశాలంగా, ఎదుటి గోడ దూరంగా పడుతుంది. ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా మోసం చేశారు.

దీనికి తిరగేసినది 2020లో చూశాం. కరోనా రోజుల్లో టెలీతో దూరం నుంచి తీసిన వీధులు, బీచ్‌లు చూసి జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారని తిట్టుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో డెన్మార్క్‌లో ఫోటోగ్రాఫర్లు ఒకే క్యూని, ఒకే జనాన్ని టెలీతో దూరం నుంచి, వైడ్‌తో పక్క నుంచి తీసి పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో గుంపు, ఇంకోదాంట్లో మనిషికీ మనిషికీ మధ్య చక్కటి ఎడం. పత్రికల్లో పనిచేసేవాళ్లు మనసులో పెట్టుకోవాల్సిన విషయం ఇది.

---

లెక్కల మాస్టారు · గురువారం, రాత్రి 9:20

కుర్రాడి అసలు ప్రశ్న దగ్గరికి వస్తాను. ‘నాకు తెలిసిన నంది రెండింటిలోనూ లేదు’ అన్నాడు. ఈ మాట నాలుగు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది.

చోటే అన్నీ నిర్ణయిస్తుంది, లెన్స్‌కి ఏ పాత్రా లేదు అని మనం తీర్మానించేస్తున్నాం. ఒక చిక్కుంది. కుర్రాడు మూడు మీటర్ల దగ్గర నిలబడి కళ్లతో చూసినప్పుడు మూతి అంత వికారంగా కనిపించిందా? లేదు కదా. కంటిలోనూ దూరాల నిష్పత్తి అదే. మరి ఫోటోలో ఎందుకు కనిపించింది?

ఎందుకంటే ఫోటోని మనం తప్పు దూరం నుంచి చూస్తున్నాం. ఏ ఫోటోకైనా, అందులోని కోణాలన్నీ అసలు దృశ్యంలోని కోణాలతో సరిపోయే చూపు దూరం ఒకటుంటుంది. ఫోకల్ లెంగ్త్‌ని, సెన్సర్ నుంచి ప్రింట్‌కి ఎన్ని రెట్లు పెద్దది చేశామో దాంతో గుణిస్తే ఆ దూరం వస్తుంది. పొడుగు వైపు 12 అంగుళాల ప్రింట్ అంటే దాదాపు ఎనిమిదిన్నర రెట్లు. 50తో తీసినదైతే 42 సెంటీమీటర్లు, మనం మామూలుగా ఫోటో పట్టుకునే దూరమే. అందుకే 50 సహజంగా అనిపిస్తుందని నా అభిప్రాయం. 24తో తీసినదైతే 20 సెంటీమీటర్లు. 200తో తీసినదైతే మీటరూ 70. మనం మాత్రం మూడింటినీ ఒకే దూరం నుంచి చూస్తాం. వైడ్ ఫోటోని చూడాల్సినదానికంటే దూరం నుంచి చూస్తాం కాబట్టి లోతు సాగినట్టు, టెలీ ఫోటోని మరీ దగ్గర నుంచి చూస్తాం కాబట్టి లోతు అణిగినట్టు తోస్తుంది.

ఇటలీలో బ్రునెలెస్కీ 600 ఏళ్ల కిందట ఫ్లోరెన్స్ బాప్టిస్టరీని బొమ్మ వేసి, ఆ పలకకి చిన్న రంధ్రం పెట్టి, పలక వెనక నుంచి ఆ రంధ్రంలోంచే, ఎదురుగా పట్టిన అద్దంలో బొమ్మని చూడమన్నాడు. చూసేవాడి కన్ను ఎక్కడుండాలో కూడా బొమ్మలో భాగమే అని ఆయనకి తెలుసు.

కాబట్టి కల్యాణం గారి ‘కంప్రెషన్’ పూర్తిగా తప్పు మాట కాదు. నిలబడ్డ చోటు బొమ్మలోని నిష్పత్తుల్ని నిర్ణయిస్తుంది. లెన్స్, ప్రింట్ సైజు కలిసి ఆ నిష్పత్తులు మన కంటికి ఎలా తోస్తాయో నిర్ణయిస్తాయి.

---

పాత రీలు · గురువారం, రాత్రి 9:55

మాస్టారూ, నలభై ఏళ్ల నుంచి ‘కాళ్లదే అంతా’ అని చెబుతూ వచ్చాను. మీ మాటతో దానికి సగం చేర్పు దొరికింది. మా స్టూడియోలో గోడంత ప్రింట్లు ఎందుకు మనల్ని లోపలికి లాక్కునేవో ఇప్పుడు అర్థమవుతోంది.

---

హిందూపురం కుర్రాడు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

లేపాక్షి నుంచి ఇప్పుడే వచ్చాను. ఈసారి గుడి గోపురం అక్క చెప్పినట్టు కెమెరా సంచిలోనే ఉంచి నంది చుట్టూ రెండుసార్లు నడిచాను. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, మెడలోని గంటల హారం మొత్తం కనిపించే చోటు ఒకటి దొరికింది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. అడుగులతో కొలిస్తే దాదాపు 12 మీటర్లు. 24-70లో 50 దగ్గరే సరిపోయింది. తల ఎత్తి గుడి వైపు చూస్తున్న తీరు, వీపు పొడవు రెండూ వచ్చాయి. 85 కొనడం లేదు.

ఇంకొకటి చెప్పాలి. మాస్టారి పోస్టు చదివాక, మొదటి ఆదివారం 24తో తీసిన ఫోటోని 12 అంగుళాల ప్రింట్ వేయించాను. నాకు దగ్గర చూపు బాగానే ఉంటుంది, దూరానికే అద్దాలు. అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసి, ప్రింట్‌ని జానెడు దూరంలో పట్టుకున్నాను. రెండు మూడు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత మూతి ముందుకొచ్చి, వీపు వెనక్కి వెళ్లి, నా తల మీదుగా నంది లేచి నిలబడింది. ఆ పొద్దున మూడు మీటర్ల దగ్గర నిలబడి చూసిన నంది అదే. చల్లటి రాతి వాసన కూడా గుర్తొచ్చింది. చెయ్యి చాచి దూరం పెట్టగానే మళ్లీ పెద్ద మూతి, చిన్న మూపురం.

ప్రింట్ ఇంకా పెద్దది వేయిస్తే చూపు దూరం పెరుగుతుందా మాస్టారూ?

---

లెక్కల మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 2:40

పెరుగుతుంది. పొడుగు వైపు మూడు అడుగులు వేయిస్తే 25 రెట్లు. 24ని 25తో గుణిస్తే 60 సెంటీమీటర్లు, రెండడుగులు. రెండు కళ్లతో, అద్దాలు పెట్టుకునే చూడొచ్చు. ప్రింట్ మధ్య భాగం నీ కంటి ఎత్తుకి రావాలి.

---

హిందూపురం కుర్రాడు · ఆదివారం, సాయంత్రం 6:05

మా ఇంట్లో వంటింటికి వెళ్లే నడవా మూడడుగుల వెడల్పే. ఎదుటి గోడకి వీపు ఆనించి నిలబడితే రెండడుగులకి కొంచెం ఎక్కువ మిగులుతుంది, అంతకంటే వెనక్కి వెళ్లాలన్నా వీలు లేదు. మేకు అక్కడే కొట్టాను. మూడడుగుల ప్రింట్‌కి ఆర్డర్ ఇచ్చాను, గురువారానికి వస్తుంది.